ఎండీ5 మ్యాచ్ అయింది కదా అని ఫ్లాష్ చేసేయకండి

ఏదైనా కస్టమ్ రోమ్ డౌన్‌లోడ్ పేజీ తెరవండి. ఫైల్ పేరు, సైజ్, డేట్, వాటి కిందే 32 అక్షరాల పొడవున్న ఒక వరస కనిపిస్తుంది. పక్కన ఎండీ5 అని రాసి ఉంటుంది. మనలో చాలామంది దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. కొద్దిమంది మాత్రం ఓపిగ్గా చెక్ చేసి, మ్యాచ్ అయితే "హమ్మయ్య, ఫైల్ సేఫ్" అనుకుంటారు. నేను ఆ రెండో రకం. ఈ ఆర్టికల్ రాయడానికి కారణం కూడా అదే.

బీటెక్ థర్డ్ ఇయర్‌లో మా హాస్టల్‌లో ఫోన్ ఫ్లాషింగ్ అంటే నా రూమే. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్లు, బూట్‌లూప్‌లో పడ్డ ఫోన్లు అన్నీ నా టేబుల్ మీదకే వచ్చేవి. ఒకరోజు ఒక జూనియర్ తన పాత ఫోన్ తెచ్చాడు. కొత్త ఆండ్రాయిడ్ కావాలన్నాడు. డెవలపర్ అసలు పేజీలో డౌన్‌లోడ్ స్పీడ్ రావట్లేదని ఒక చాట్ ఛానల్లో షేర్ చేసిన ఫైల్ దించా. అదే పోస్ట్‌లో ఎండీ5 కూడా ఇచ్చారు. లెక్కేసి చూశా, అక్షరం పొల్లు పోకుండా మ్యాచ్ అయింది. "అన్నా, ఏం కాదు కదా?" అని వాడు రెండుసార్లు అడిగాడు. "ఎండీ5 మ్యాచ్ అయింది రా, ఏం కాదు" అన్నా.

మూడు వారాల తర్వాత వాడి ఫోన్లో వాడు వేయని యాప్‌లు రావడం మొదలైంది. ఒక రాత్రి వరసగా ఓటీపీలు వచ్చాయి. తెల్లారేసరికి స్కాలర్‌షిప్ డబ్బులు పడే అకౌంట్ నుంచి 6,500 రూపాయలు పోయాయి. 1930కి ఫోన్ చేసి, అకౌంట్ బ్లాక్ చేయించాం కాబట్టి మిగతావి నిలబడ్డాయి. తర్వాత నేను కూర్చుని అసలు డెవలపర్ ఇచ్చిన ఫైల్‌నీ, ఛానల్ ఫైల్‌నీ పక్కపక్కన పెట్టి విప్పి చూశా. ఛానల్ ఫైల్లో ఎస్ఎంఎస్‌లు చదివే పర్మిషన్‌తో ఒక సిస్టమ్ యాప్ అదనంగా ఉంది. దాన్ని ఇరికించినవాడు కొత్త జిప్‌కి మళ్లీ ఎండీ5 లెక్కేసి పోస్ట్‌లో పెట్టాడు. మ్యాచ్ అవ్వక ఏమవుతుంది?

ఆ రోజు నుంచి నాకు ఒక అభిప్రాయం గట్టిగా ఏర్పడింది. డౌన్‌లోడ్ లింక్ పక్కన ఎండీ5 ఒక్కటే పెట్టే అలవాటు ఇక ఆపాలి. అది పాతబడిపోయిందని మాత్రమే కాదు, అది ఇవ్వని భరోసాని ఇచ్చినట్టు మనల్ని నమ్మిస్తోంది కాబట్టి.

అసలు ఎండీ5 ఏం చేస్తుంది?

ఎండీ5ని రోనాల్డ్ రివెస్ట్ 1991లో తయారుచేశారు. ఆర్ఎస్ఏలో మొదటి అక్షరం ఆయన పేరుదే. 1992 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ 1321గా ప్రచురించారు. మీరు దానికి రెండు కేబీల టెక్స్ట్ ఇచ్చినా, మూడు జీబీల ఫర్మ్‌వేర్ ఇచ్చినా ఫలితం ఎప్పుడూ 128 బిట్లే. దాన్నే 0 నుంచి 9 అంకెలు, ఏ నుంచి ఎఫ్ అక్షరాలతో రాస్తే 32 అక్షరాలు వస్తాయి. ఫైల్‌ని 512 బిట్ల ముక్కలుగా తీసుకుని, ఒక్కో ముక్కని 64 స్టెప్పుల్లో కలిపి, పిండి, ఆ ఫలితాన్ని తర్వాతి ముక్కకి అందిస్తూ పోతుంది. ఫైల్లో ఒక్క బిట్ మారినా చివరి వరస మొత్తం మారిపోతుంది.

నెట్ మధ్యలో కట్ అయి ఫైల్ సగమే దిగిందా, పెన్‌డ్రైవ్‌లో ఏదైనా కరప్ట్ అయిందా అన్నది పట్టుకోవడానికి ఇది ఇప్పటికీ పనికొస్తుంది. ఇందులో సందేహం లేదు. ఎండీ5 పూర్తిగా చచ్చిపోయింది అనేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రమాదవశాత్తు జరిగే తప్పుల్ని అది బాగానే పట్టుకుంటుంది. కావాలని తప్పు చేసేవాడు ఎదురుగా ఉన్నప్పుడే సమస్య.

గ్యాస్ బండ ఇంటికొచ్చినప్పుడు తూకం వేయించుకుంటాం కదా. ఖాళీ బండ బరువు పోను 14.2 కిలోలు ఉంటే మధ్యలో ఎవరూ గ్యాస్ తీయలేదని అర్థం. ఆ బండ ఎవరు నింపారో, లోపల నిజంగా ఉన్నదేమిటో తూకం చెప్పదు. దానికి సీల్ చూడాలి. హ్యాష్ అనేది తూకం, డిజిటల్ సంతకం సీలు. నేను ఆ రోజు తూకం చూసి సీలు ఉందనుకున్నా. పైగా ఆ తూకం రాసిచ్చిన చీటీ కూడా బండ మార్చినవాడిదే.

మరి పగిలింది ఎక్కడ?

హ్యాష్ ఫంక్షన్‌కి ముఖ్యంగా రెండు పరీక్షలు ఉంటాయి. మొదటిది: ఇప్పటికే ఉన్న ఒక ఫైల్ హ్యాష్ ఇచ్చి, అదే హ్యాష్ వచ్చే ఇంకో ఫైల్ తయారుచేయమంటే కుదరకూడదు. రెండోది: ఏవైనా సరే, ఒకే హ్యాష్ వచ్చే రెండు వేరు వేరు ఫైళ్లు ఎవరికీ దొరకకూడదు. ఈ రెండోదాన్ని కొలిజన్ అంటారు. ఈ రెండిటి కష్టం ఒకటి కాదు. మీ సెక్షన్‌లో 60 మంది ఉన్నారనుకోండి. మీ పుట్టినరోజే ఉన్న ఇంకొకరు దొరకడం అదృష్టం. కానీ ఎవరో ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం 99 శాతం పైమాటే. 23 మంది చాలు, అవకాశం సగం దాటుతుంది. అందుకే 128 బిట్ల హ్యాష్‌లో కొలిజన్ వెతకడానికి 2 పవర్ 128 కాదు, ఎంత గుడ్డిగా వెతికినా సుమారు 2 పవర్ 64 ప్రయత్నాలు సరిపోతాయి.

ఎండీ5కి అన్ని కూడా అక్కర్లేకపోయింది. 1996లోనే హాన్స్ డాబర్టిన్ అనే జర్మన్ పరిశోధకుడు దాని లోపలి ఫంక్షన్‌లో కొలిజన్ చూపించాడు. 2004 ఆగస్టులో చైనాకి చెందిన షియావోయున్ వాంగ్ బృందం పూర్తి ఎండీ5కే కొలిజన్లు బయటపెట్టింది. వాళ్లకి ఐబీఎం సర్వర్ మీద గంట పట్టింది. 2006కల్లా వ్లాస్టిమిల్ క్లిమా అనే చెక్ పరిశోధకుడు మామూలు ల్యాప్‌టాప్ మీద నిమిషంలో చేసే పద్ధతి చూపించాడు. అంటే మనలో చాలామంది స్కూల్లో ఉన్నప్పుడే ఈ కథ ముగిసింది.

"ఇవన్నీ ల్యాబ్‌లో ఆటలు" అనేవాళ్లకి మూడు ఉదాహరణలు చెప్తా.

2008 డిసెంబర్‌లో ఒక పరిశోధకుల బృందం 200 ప్లేస్టేషన్ 3 కన్సోల్స్ వాడి, ఎండీ5 కొలిజన్‌తో నకిలీ సర్టిఫికెట్ అథారిటీనే సృష్టించింది. దాంతో ఏ వెబ్‌సైట్ పేరు మీదైనా బ్రౌజర్లు నమ్మే సర్టిఫికెట్ ఇచ్చుకోవచ్చు. హెచ్చరించడానికే చేశారు కాబట్టి ఎవరికీ నష్టం జరగలేదు.

2012లో బయటపడ్డ ఫ్లేమ్ మాల్‌వేర్ హెచ్చరించడానికి రాలేదు. అది మధ్యప్రాచ్యంలోని కంప్యూటర్ల మీద నిఘా పెట్టింది. ఎండీ5 కొలిజన్‌తో మైక్రోసాఫ్ట్ సంతకంలా కనిపించే సర్టిఫికెట్ తయారుచేసుకుని, విండోస్ అప్‌డేట్ వేషంలో పక్క కంప్యూటర్లకి పాకింది. అప్‌డేట్ అంటే మనం కళ్లు మూసుకుని ఓకే కొట్టేది కదా!

మూడోది 2024 జూలైది. పేరు బ్లాస్ట్‌రేడియస్. నెట్‌వర్క్‌లోకి ఎవరిని రానివ్వాలో తేల్చే రేడియస్ అనే ప్రోటోకాల్ 90ల నుంచీ ఉంది. సర్వర్ ఇచ్చే జవాబు మధ్యలో మారలేదని చూసుకోవడానికి అది ఎండీ5 మీద ఆధారపడుతుంది. మధ్యలో కూర్చున్నవాడు సర్వర్ చెప్పిన "వద్దు"ని "రానివ్వు"గా మార్చగలడని పరిశోధకులు చూపించారు, అదీ పాస్‌వర్డ్ తెలియకుండానే, నిమిషాల్లోనే. ఆఫీస్ వైఫైలలో ఎక్కువగా ఉండే ఈఏపీ పద్ధతి దీనికి దొరకదు. మిగతా చోట్ల ప్యాచ్‌లు వేసుకోవాల్సి వచ్చింది. 2004లో పగిలిన తాళం 20 ఏళ్ల తర్వాత కూడా తలుపులకి వేలాడుతోందన్నమాట.

అదే ఎండీ5, తాళంచెవి పెడితే

ఇక్కడ ఒక తమాషా ఉంది. బ్లాస్ట్‌రేడియస్‌కి వెంటనే ఇచ్చిన మందు ఏంటో తెలుసా? ప్రతి మెసేజ్‌కీ మెసేజ్ ఆథెంటికేటర్ అనే భాగాన్ని తప్పనిసరి చేయడం. ఆ భాగం పనిచేసేది హెచ్‌మ్యాక్-ఎండీ5తో. అవును, అందులోనూ ఎండీ5 ఉంది!

హెచ్‌మ్యాక్‌లో హ్యాష్‌తో పాటు ఇద్దరికే తెలిసిన ఒక సీక్రెట్ కీ ఉంటుంది. ఆ కీని మెసేజ్‌తో కలిపి రెండు పొరలుగా హ్యాష్ చేస్తారు. కీ తెలియనివాడు కొలిజన్ ముందుగా తయారుచేసుకోలేడు. 2011లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6151 కూడా ఇదే చెప్పింది: డిజిటల్ సంతకాల్లాంటి చోట్ల ఎండీ5 వాడొద్దు, హెచ్‌మ్యాక్-ఎండీ5ని అర్జెంటుగా పీకేయక్కర్లేదు, అయితే కొత్త డిజైన్లలో మాత్రం పెట్టకండి.

అలాగని కీని ముందు అతికించి మామూలుగా ఎండీ5 వేసేస్తే చాలదు. 2009లో ఫ్లికర్ ఏపీఐ అలా చేసే దొరికిపోయింది. ఎండీ5 ఫైల్‌ని ముక్కలుముక్కలుగా తింటూ పోతుంది కాబట్టి, చివరి హ్యాష్ తెలిస్తే కీ తెలియకపోయినా మెసేజ్ చివర ఇంకొంత అతికించి కొత్త హ్యాష్ లెక్కేయొచ్చు. నేను ఉద్యోగంలో చేరాక కోడ్ రివ్యూల్లో ఇదే తప్పు రెండుసార్లు చూశా. రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. "హ్యాష్ ఉంది కదా, ఇంకేం కావాలి" అనుకున్నారు, అంతే. హాస్టల్లో నేను అనుకున్నట్టే.

మన డౌన్‌లోడ్‌ల సంగతికొస్తే

నిజాయితీగా మాట్లాడుకుందాం. మంచి డెవలపర్ తన సొంత పేజీలో ఎండీ5 పెట్టాడు, మీరు ఫైల్ ఇంకెక్కడి నుంచో దించారు, రెండూ మ్యాచ్ అయ్యాయి. ఇలాంటప్పుడు ఎవడో వేరే ఫైల్‌ని అదే ఎండీ5కి సరిపోయేలా తయారుచేసి ఉంటాడా? ఈరోజుకి అది ఎవరివల్లా కాదు. ఆ మొదటి పరీక్షలో ఎండీ5 మీద 2009లో వచ్చిన దాడికి కూడా 2 పవర్ 123 పైచిలుకు లెక్కలు కావాలి. అది కాగితం మీదే.

మరి ప్రమాదం ఎక్కడ? రెండు చోట్ల.

ఒకటి, ఫైల్ తయారుచేసినవాడే మోసగాడైతే. కొలిజన్ అంటే రెండు ఫైళ్లనీ ఒకడే వండాలి. ఒకే ఎండీ5 వచ్చే మంచి ఫైల్, చెడ్డ ఫైల్ వాడు ముందే తయారుచేసుకుంటాడు. మంచిది నాలాంటి రివ్యూయర్లకి పంపి "క్లీన్" అనిపించుకుంటాడు. చెడ్డది జనానికి వదులుతాడు. హ్యాష్ చూసేవాళ్లకి రెండూ ఒకటే. ఎస్‌హెచ్‌ఏ-256 వాడితే ఈ ఆట ఆడలేడు.

రెండోది ఇంకా మామూలు ప్రమాదం. ఫైల్ మార్చగలిగినవాడు పక్కనున్న హ్యాష్ కూడా మార్చగలడు. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైట్‌ని హ్యాక్ చేసి, డౌన్‌లోడ్ లింక్‌ని బ్యాక్‌డోర్ ఉన్న ఐఎస్ఓ వైపు తిప్పేశారు. సైటే వాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఆ సైట్ మీద రాసిన హ్యాష్‌కి విలువేముంటుంది? నా జూనియర్ విషయంలో జరిగింది కూడా ఇలాంటిదే. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ఛానల్ వాడు ఎండీ5 బదులు ఎస్‌హెచ్‌ఏ-256 పెట్టి ఉన్నా నేను మోసపోయేవాడినే. అల్గారిథమ్ మార్చడం సగం పని. హ్యాష్ ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్నది మిగతా సగం.

ఫోన్ కంపెనీలకి ఈ సంగతి తెలుసు. శాంసంగ్ ఓడిన్ ఫైళ్ల పేరు చివర టార్ డాట్ ఎండీ5 అని చూసే ఉంటారు. ఆ ఎండీ5 ఫైల్ తోకకే అతికించి ఉంటుంది. డౌన్‌లోడ్ సరిగ్గా దిగిందో లేదో చూడటానికి తప్ప దానికి వేరే పని లేదు. అసలు కాపలా లోపల ఉన్న సంతకాలది, వాటిని బూట్‌లోడర్ చూసుకుంటుంది. ఆండ్రాయిడ్ యాప్‌లకి కూడా అంతే. డెవలపర్ సంతకం తేడా వస్తే పాత యాప్ మీద అప్‌డేట్ ఎక్కదు. మనం బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి, కస్టమ్ రికవరీలో జిప్ సంతకం చూసే ఆప్షన్ ఆఫ్‌లో ఉంచి ఫ్లాష్ చేస్తున్నామంటే, ఆ కాపలావాణ్ని ఇంటికి పంపేశామన్నమాట. ఇక ఆ డ్యూటీ మనదే.

ఇది రోమ్‌ల గొడవ మాత్రమే కాదు

2024 జూలై 1 నుంచి మన దేశంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. ఫోన్ వీడియో, కాల్ రికార్డింగ్, వాట్సాప్ చాట్ లాంటివి కోర్టులో సాక్ష్యంగా ఇవ్వాలంటే సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఆ ఫారంలో ఫైల్ హ్యాష్ విలువ రాయాలి. ఏ అల్గారిథమ్ వాడారో టిక్ పెట్టాలి. అక్కడ ఉన్న ఆప్షన్లు ఇవీ: ఎస్‌హెచ్‌ఏ1, ఎస్‌హెచ్‌ఏ256, ఎండీ5, ఇతరాలు.

ఎస్‌హెచ్‌ఏ1కి కూడా 2017 ఫిబ్రవరిలో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ కలిసి కొలిజన్ చూపించాయి. ఒకే హ్యాష్‌తో రెండు వేరు వేరు పీడీఎఫ్‌లు విడుదల చేశాయి. అంటే 2023లో చేసిన చట్టం ఫారంలో పేరు పెట్టి ఇచ్చిన మూడు ఆప్షన్లలో రెండు అప్పటికే పగిలినవి. పోలీసులు సీజ్ చేసిన ఫోన్‌కి ఎండీ5 వేసినంత మాత్రాన ఆ సాక్ష్యం చెల్లదని నేను అనను. పైన చెప్పినట్టు ఉన్న ఫైల్‌కి జోడీ తయారుచేయడం కుదరదు. కానీ ఫైల్ తెచ్చినవాడే రెండు వెర్షన్లు ముందుగా తయారుచేసుకుని వస్తే? కనీసం ఆ అనుమానాన్ని అవతలి లాయర్ చేతికి ఎందుకివ్వాలి? ఎస్‌హెచ్‌ఏ256 బాక్స్ పక్కనే ఉంది, టిక్ ఖర్చు ఒకటే. మీకో, మీ ఇంట్లోవాళ్లకో ఎప్పుడైనా ఈ ఫారంతో పని పడితే ఇది గుర్తుపెట్టుకోండి.

ఎండీ5 ఫాస్ట్ కదా?

నాకు ఎక్కువగా వినపడే వాదన ఇది. పాత ప్రాసెసర్ల మీద నిజమే. కానీ ఏఆర్ఎం వీ8 నుంచి చిప్‌లలో ఎస్‌హెచ్‌ఏ-256 కోసం ప్రత్యేక ఇన్‌స్ట్రక్షన్లు వచ్చాయి, ఎండీ5కి అలాంటివేం లేవు. ఇప్పటి ఫోన్లలో చాలావాటిపై ఈ వాదన నిలబడదు. నిలబడినా, రెండు జీబీల ఫైల్‌కి కొన్ని సెకన్ల తేడా. ఫ్లాష్ చేశాక మొదటి బూట్‌కి మనం ఎదురుచూసేది అంతకంటే ఎక్కువే.

నేను అడిగేది ఇదీ

రోమ్‌లు, మాడ్‌లు తయారుచేసేవాళ్లకి: ఎస్‌హెచ్‌ఏ-256 పెట్టండి. వీలైతే ఫైల్‌కి సంతకం చేయండి. లీనియేజ్‌ఓఎస్ తన బిల్డ్‌లకి సంతకం చేసి, దాన్ని ఎలా సరిచూడాలో కూడా సైట్‌లో చెప్తోంది. అది చేయలేకపోతే కనీసం హ్యాష్‌ని ఫైల్ ఉన్న చోట కాకుండా వేరే చోట కూడా ఉంచండి.

మాలాంటి రివ్యూలు రాసేవాళ్లకి: "ఎండీ5 చెక్ చేశాం, సేఫ్" అని రాయడం మానేద్దాం. చెక్ చేశాం అంటే ఫైల్ పూర్తిగా దిగిందని మాత్రమే అర్థం. సేఫ్ అనేది వేరే మాట, దానికి వేరే రుజువు కావాలి. నా పాత ట్యుటోరియల్స్‌లో కూడా ఆ వాక్యం ఉంది. దిద్దుతున్నా.

పాఠకులకి: విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ కమాండ్ ఇస్తే ఏమీ అడగకుండానే ఎస్‌హెచ్‌ఏ-256 చూపిస్తుంది. లినక్స్‌లో, ఫోన్లో టెర్మక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ అనే కమాండ్ ఉంది. ఏ యాప్ కొనక్కర్లేదు. సరిపోల్చే హ్యాష్‌ని మాత్రం ఫైల్ షేర్ చేసినవాడి పోస్ట్ నుంచి కాకుండా అసలు డెవలపర్ పేజీ నుంచే తీసుకోండి. ఎండీ5 ఒక్కటే ఇచ్చి ఉంటే, అది డెవలపర్ పేజీదేనా అని చూసుకోండి. కాకపోతే ఆ ఫైల్ వదిలేయండి. బ్యాంక్ సిమ్ ఉన్న ఫోన్ అయితే రెండో ఆలోచన వద్దు.

ఆ 6,500 నేను నాలుగు నెలల్లో జూనియర్‌కి ఇచ్చేశా. వాడు వద్దన్నాడు, అయినా ఇచ్చా. వాడు అడిగింది మంచి ప్రశ్న, "అన్నా, ఏం కాదు కదా?" అని. నాకు జవాబు తెలియదు, కానీ తెలిసినట్టు చెప్పా. ఇప్పుడెవరైనా అదే అడిగితే, "ఫైల్ పూర్తిగా దిగింది రా, ఎవరు పంపారో చూసి చెప్తా ఆగు" అంటున్నా. ఆ రోజు ఒక్క పది నిమిషాలు ఆగి అసలు పేజీ తెరిచి ఉంటే సరిపోయేది.